పదకొండు రోజుల వాకిలి

‘బలగం’ సినిమాలో కొమురయ్య చచ్చిపోయేది కథ మొదలైన కాసేపటికే. మిగతాదంతా ఆయన పోయిన తర్వాతి పదకొండు రోజులు. మూడో రోజు పిట్టకు పెడితే కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ఊరు భయపడుతుంది, పెద్దమనుషులు కూర్చుంటారు, ముసలాయన మనసులో ఏం మిగిలిపోయిందో తేల్చండి అంటారు. ఏళ్ల కింద ఒక విందులో నల్లిబొక్క దగ్గర మాట పడి లేచి వెళ్లిపోయిన అల్లుడు, ఆ అల్లుడి వెంట పుట్టింటికి దూరమైన బిడ్డ లచ్చవ్వ, లోపల లోపల మండుతున్న కొడుకులు. మిగిలిపోయింది అదీ.

2023 మార్చి 3న వచ్చిన ఈ సినిమా తీసింది సిరిసిల్ల వేణు యెల్దండి. అప్పటిదాకా తెర మీద నవ్వించే మనిషిగానే తెలిసినవాడు చావు మీద సినిమా తీశాడంటే మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రియదర్శి తప్ప జనం పేరు పెట్టి గుర్తుపట్టే నటులూ తక్కువే. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. చూసినవాళ్లంతా చివరి పాట దగ్గర ఏడ్చామన్నారు. నేనూ ఏడ్చాను. కానీ ఆ తర్వాత నన్ను చాలాకాలం వదలనిది పాట కాదు, ఆ పదకొండు రోజులు. చూసినవాళ్లలో చాలామంది ఆ కుటుంబం కన్నీళ్ల వల్ల కలిసిందనుకున్నారు. నాకేమో వాళ్లు వెళ్లిపోవడానికి వీల్లేక కలిశారనిపించింది. పొయ్యి వెలగని ఇంట్లో, ఒకే వాకిట్లో, ఒకే అంటులో అన్ని రోజులు పడి ఉంటే ఎవరి పంతమైనా ఎక్కడో ఒకచోట నూనెకో నీళ్లకో నోరు తెరవక తప్పదు. ఆ పడి ఉండటమే ఇప్పుడు లేదు. మా ఇంట్లో ఒకప్పుడు ఉండేది.

మాది అసలు జగిత్యాల వైపు. బాపు ఆశ్రమ పాఠశాలలో పంతులుగా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరుకు వస్తే, వెనకే తాత, నాయినమ్మ వచ్చారు. ఇక్కడ మాకు భూమి లేదు, ఉండే వీలూ లేదు. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ల చేతికి భూమి మారకూడదన్న 1970 నాటి ఒకటో నంబరు చట్టం ఉంది. ఉట్నూరులో చిన్నపిల్లవాడికి కూడా అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా తెలుసు. భూమి లేని రైతు ఏం చేస్తాడు? తాత ఎడ్లబండి పెట్టుకున్నాడు. ఊరి నుంచి సామాను వేసుకుని రాయపట్నం వంతెన మీద గోదారి దాటి, జన్నారం అడవి గుండా వచ్చిన బండే అది. అప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యం కాలేదు. పులులు మాత్రం ఉండేవట, తాత చెప్పేవాడు. పత్తి కాలంలో బాడుగకు తిరిగేది. మిగతా రోజుల్లో తాత దానికి ఆముదం పట్టించి, గీరలు కడిగి, పక్కనే కూర్చుని బీడీ తాగేవాడు.

ఆ బండి దగ్గరే మా ఇంట్లో మాట పడింది. జన్నారం వైపు ఇచ్చిన మేనత్త భర్త, మా మామ, ఒక పత్తి కాలానికి దాన్ని అడిగి తీసుకుపోయాడు. తిరిగి తెచ్చినప్పుడు ఇరుసు విరిగి ఉంది. విరిగిందని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. తాడు కట్టి తెచ్చి, కొట్టంలో పెట్టి, చాయ్ తాగి పోయాడు. బాపు చూసుకున్నది మర్నాడు. తర్వాత ఎవరో పెళ్లిలో పదిమంది ముందు ఆ సంగతి వచ్చింది. బాపు ఏదో అన్నాడు. మామ, “పంతులువి, లెక్కలు బానే జెప్తవు” అన్నాడట. అంతే. ఆ తర్వాత మేనత్త బతుకమ్మకు కూడా రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే నల్లిబొక్కా ఇరుసూ ఒక్కటే. ఇళ్లను విడగొట్టినవి ఎప్పుడూ ఇంత చిన్నవే, ఎందుకంటే పెద్ద విషయమైతే పంచాయతీ పెట్టి తేల్చుకునేవాళ్లు. ఇరుసు విరిగిందని పంచాయతీ ఎవరు పెడతారు?

తాత పోయింది పుష్యమాసంలో. ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. చావు కబురు పోవడానికి అప్పుడు రెండు దారులు. జగిత్యాల వాళ్లకు పోస్టాఫీసు నుంచి టెలిగ్రాం. జన్నారానికి బస్సు. తెల్లవారు బస్సు కండక్టర్ చేతికి చీటీ ఇస్తే, ఫలానా ఊరి స్టేజి దగ్గర హోటల్లో ఇచ్చి పోయేవాడు. అతనికి మేము ఏమీ కాము. అయినా అడ్రసు రెండుసార్లు చదివించుకున్నాడు. టెలిగ్రాం 2013 జులైలో దేశమంతటా ఆగిపోయింది, అది పేపర్లో వచ్చింది. కండక్టర్ చేతికి చీటీ ఇవ్వడం ఎప్పుడు ఆగిందో ఏ పేపరూ రాయలేదు.

మేనత్త మధ్యాహ్నానికి వచ్చింది. వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడ మూల తిరగంగనే శోకం వినపడింది. శోకం పెట్టడమంటే ఏడవడం కాదు. ఈ తరం పిల్లలకు ఈ తేడా తెలియదు, వాళ్లు వినలేదు కాబట్టి. శోకానికి రాగం ఉంటుంది, వరస ఉంటుంది, అందులో కథ ఉంటుంది. చనిపోయిన మనిషిని పిలుస్తూ, ఆయన తనకేం చేశాడో, తర్వాత తనకేం జరిగిందో, ఎవరు ఏమన్నారో అన్నీ చెప్పుకుంటారు. బతికినవాళ్ల ముఖం మీద అనలేనివి చనిపోయినవాడికి మొరపెట్టుకుంటారు, బతికినవాళ్లు పక్కనే కూర్చుని వినాలి. అడ్డం మాట్లాడకూడదు. మేనత్త తాత కాళ్ల దగ్గర కూర్చుని ఇరుసు కథ మొత్తం పాడింది. తన భర్త తప్పు ఎంతో, తమ్ముడి తప్పు ఎంతో, ఇద్దరి మధ్య తాను ఎన్ని బతుకమ్మలు పోగొట్టుకుందో. బాపు తల వంచుకుని ఉన్నాడు. మామ వాకిట్లో చింతచెట్టు కింద నిలబడి, కింద ఏదో పడిపోయినట్టు నేలను వెతుకుతున్నాడు. కోర్టులో వాంగ్మూలం కన్నా గట్టిగా ఉంటుంది ఆ పద్ధతి. ఆడవాళ్లకు మాటకు మాట అనే హక్కు లేని ఇళ్లలో ఆ ఒక్కరోజు ఉండేది. అది కూడా పోయింది. ఇప్పుడు చావింటికి వెళ్తే ఆడవాళ్లు కర్చీఫు అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తున్నారు, మర్యాద అంటున్నారు. నాకు ఈ మర్యాద నచ్చలేదు.

ఉట్నూరులో పరామర్శ ఒక భాషలో జరగదు. పక్కింటి లంబాడా తండా వాళ్లు, బాపు బడిలో పనిచేసే గోండు పంతుళ్లు, కిరాణా దుకాణం మరాఠీ కుటుంబం, ఎడ్లకు నాడాలు కొట్టే సాయిబు, అందరూ వచ్చారు. పొయ్యి ముట్టించకూడదు కాబట్టి తలా ఒక పూట తిండి తెచ్చారు. ఒక పూట జొన్నరొట్టె, ఒక పూట అన్నం పప్పుచారు, ఒక పూట మరాఠీ వాళ్ల ఇంటి నుంచి శనగపిండి పిట్ల. మా మామ మొదటి మూడు రోజులూ మా ఇంటి నీళ్లు ముట్టలేదు. సాయిబు ఇంట్లో చాయ్ తాగి వచ్చేవాడు. అల్లుడు కాబట్టి పోలేడు, పంతం కాబట్టి ఉండలేడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తరిలో తాతకు ఇష్టమైనవన్నీ. జొన్నరొట్టె, పచ్చిపులుసు, బోటికూర, ఒక సీసా కల్లు, కట్ట విప్పిన బీడీలు. మేమంతా దూరంగా నిలబడి ఎదురుచూస్తామనుకున్నాం. విస్తరి పెట్టి రెండడుగులు వేయలేదు, కాకి వచ్చి కూర ముక్క ఎత్తుకుపోయింది. నాయినమ్మ ఏడుస్తూనే నవ్వింది, “తిండి దగ్గర ఎన్నడన్న ఆగిండా?” అని. నిజ జీవితంలో కాకులు అంత పంతం పట్టవు. పంతం మనుషులకే. పిట్ట ముట్టింది కాబట్టి ముసలాయనకు ఏ కొరతా లేదని అందరూ తేల్చేశారు. బాపూ మామా మాత్రం అలాగే ఉన్నారు. కాకి వాళ్లకు సాయం చేయలేదు.

సాయం చేసింది దీపం. మనిషి ప్రాణం పోయిన చోట పెట్టిన దీపం కర్మ అయ్యేదాకా ఆరకూడదు. రాత్రంతా ఒకరు మెలకువగా ఉండి నూనె పోయాలి, వత్తి ఎగదోయాలి. ఆ చలిలో, ఆ గాలిలో. మొదటి రాత్రులు జగిత్యాల నుంచి వచ్చిన పాలోళ్లు కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరూ పని ఉందని వెళ్లి మళ్లీ పెద్దకర్మకు వస్తామన్నారు. మిగిలిన మగవాళ్లు ఇద్దరే. కొడుకు, అల్లుడు.

మేము పిల్లలం ఆ గదిలోనే గొంగళ్లలో పడుకునేవాళ్లం. మాకు అసలు సంబరం వేరే ఉంది. చనిపోయిన చోట నేల మీద పిండి పరిచి, పైన గంప బోర్లిస్తారు. తెల్లారి ఎత్తి చూస్తే అందులో పడిన గుర్తును బట్టి పోయినవాళ్లు ఏ జన్మ ఎత్తారో చెబుతారు. మా తాత పిల్లి అని ఒకరు, పక్షి అని ఒకరు, నాగుపాము అని ఒకరు. పెద్దవాళ్లు గంభీరంగా వాదించుకున్నారు. చీమలు నడిచాయని నా అభిప్రాయం. అడగనందుకు చెప్పలేదు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో రాత్రి నాకు మెలకువ వచ్చింది. మాట్లాడుతున్నారు.

“బావా, నూనె అయిపోవచ్చింది.”

“సీసల ఉన్నది. నువ్వు పండుకో, నేను జూస్త.”

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మామ గొంతు.

“గా బండి ఇంక ఉన్నదా?”

“ఉన్నది. కొట్టంల.”

“ఇరుసు?”

“ఏయించిన. ఇనుపది.”

“ఎంతైంది?”

“ఇప్పుడెందుకు బావా గది.”

“అడిగినదానికి జెప్పు.”

బాపు చెప్పాడు. మామ సగం ఇస్తానన్నాడు. బాపు వద్దనలేదు. నాకు ఇప్పటికీ బాపు చేసిన ఆ పని గొప్పగా అనిపిస్తుంది. వద్దని ఉంటే మామ మళ్లీ చిన్నబోయేవాడు, ఇంకో పదేళ్లు పోయేవి. తెల్లారి ఇద్దరూ అదే బండి కట్టుకుని మోదుగాకు కోసం పోయారు. పెద్దకర్మకు విస్తర్లు కుట్టాలి. ఎవరూ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, కావలించుకోలేదు. మేనత్త విస్తర్లకు పుల్లలు గుచ్చుతూ, “ఇగ అయినట్టేనా మీ ఇద్దరిది?” అంటే, ఇద్దరూ విననట్టు ఆకులు ఏరుకున్నారు.

ఇదంతా రాస్తుంటే సినిమాలో క్లైమాక్సు నాకు కొంచెం ఎక్కువైందని కూడా అనాలనిపిస్తుంది. అంత పాట, అంత ఏడుపు లేకుండానే ఆ ఇల్లు కలిసి ఉండేది, ఇంకో రెండు రోజులు వాకిట్లో పడి ఉంటే. కానీ సినిమాకు రెండున్నర గంటలకు లోపే గడువు. మనుషులను తొందరగా కలపడానికి దానికి పాట కావాలి. ఆ పాట పాడిన బుడిగజంగాలు మాత్రం కల్పన కాదు.

మా ఇంటికీ వచ్చారు, పదకొండో రోజుకు. ఎవరూ పిలవలేదు, చావు వాసన వాళ్లకు ఎలా తెలుస్తుందో అని నాయినమ్మ అనేది. ముందురోజు సాయంత్రమే వచ్చి, అరుగు మీద కూర్చుని, నాయినమ్మను తాత ఊరు, తల్లిదండ్రుల పేర్లు, కొడుకు పేరు, బిడ్డ పేరు, అల్లుడి పేరు, ఆయన ఏ పని చేసేవాడు, ఏది తినేవాడు, అన్నీ మెల్లగా అడిగి తెలుసుకున్నారు. ఏదీ రాసుకోలేదు. మర్నాడు తంబుర పట్టుకుని ఒకాయన, గుమ్మెటతో ఒకామె, ఆ పేర్లన్నీ పాటలోకి తెచ్చారు. తాత బండి వచ్చింది, రాయపట్నం వంతెన వచ్చింది, జన్నారం అల్లుడూ వచ్చాడు. ముందటి సాయంత్రం నాయినమ్మ చెప్పిన సంగతులే. అవే మర్నాడు పాటగా వింటే ఆమె తట్టుకోలేకపోయింది. పాట అయ్యాక వాళ్లకు వడ్లు, పాత బట్టలు, తాత చెప్పులు ఇచ్చారు. చెప్పులు ఆయనకు సరిపోయాయి.

‘బలగం’లో ఆ పాటతో తెరకు వచ్చిన జంట కొమురమ్మ, పస్తం మొగిలయ్య. వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు వాళ్లు. నటులను తెచ్చి జంగం వేషం వేయించకుండా, పాడేవాళ్లనే తెచ్చి నిలబెట్టడం వేణు చేసిన మంచి పనుల్లో ఒకటి. భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ మాటలు ఎంత పనిచేశాయో ఆ రెండు గొంతులూ అంతే పనిచేశాయి. ఊరి మీద రాసిన పాటకు శ్యామ్‌కు జాతీయ అవార్డు ప్రకటించారు, 2025లో. అప్పటికి మొగిలయ్య లేడు. కిడ్నీలు పాడై, చాలాకాలం బాధపడి, 2024 డిసెంబర్ 19న పోయాడు. ఊరూరా పోయినవాళ్ల కోసం పాడిన మనిషి. ఆయన పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆఖరి రెండేళ్లలోనే.

జంగాలు మా వాకిట్లో పాడుతున్న ఆ రోజుల్లోనే, ఇక్కడికి దగ్గర్లోని కేస్లాపూర్‌లో నాగోబా జాతర. పుష్య అమావాస్య నాడు గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు చేసే మహాపూజ. బాపుతో పనిచేసే ఒక మెస్రం పంతులు అందుకే మా ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. తన పెదనాన్న ఆ ఏడు పోయాడట, తూమ్ చేసి వచ్చానన్నాడు. తూమ్ సంగతి నాకు మొదట తెలిసింది అప్పుడే. మెస్రం వాళ్లు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదారి నీళ్లు తెస్తారు. కేస్లాపూర్ చేరాక ఊరి బయట మర్రిచెట్ల కింద ఆగి, ఆ ఏడాది తమ వంశంలో పోయినవాళ్లందరికీ అక్కడే తూమ్ పూజ చేస్తారు. ఏ ఊళ్లో పోయినా, ఏ నెలలో పోయినా, లెక్క ఆ మర్రిచెట్ల కిందే. పోయినవాళ్ల లెక్క అయ్యాక, మహాపూజ తర్వాత, ఆ ఏడాది వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది కాకుండా కోడలు నాగోబా పూజలో పాల్గొనడానికి లేదు. చావులూ పెళ్లిళ్లూ ఒకే వారంలో, ఒకే చోట.

నాకు అన్నిటికన్నా నచ్చింది పొయ్యిల సంగతి. జాతరలో మెస్రం వాళ్లు వంట చేసుకునే చోటును గోవాడ్ అంటారు. చుట్టూ గోడ. లోపల ఇరవై రెండు పొయ్యిలు. వందల కుటుంబాలు వచ్చినా పొయ్యిలు ఇరవై రెండే. వరసలో నిలబడి వండుకోవాల్సిందే. జొన్న పిండి చేతిలో పట్టుకుని, ముందున్న తోటికోడలి గంజి ఎప్పుడు ఉడుకుతుందా అని చూస్తూ నిలబడితే, ఆమెతో మాట్లాడకుండా ఎంతసేపు ఉంటారు? గ్యాస్ స్టవ్ తెచ్చుకోవడానికి ఎవరికి డబ్బుల్లేవు ఇప్పుడు? సొంత చందాలతో కోట్ల రూపాయల రాతి గుడి కట్టుకున్న వంశం అది, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసింది. అయినా పొయ్యిలు పెంచలేదు.

గోండుల్లో చావు తర్వాతి పెద్ద విందు వెంటనే కాదు. పంట చేతికి వచ్చాక, చుట్టాలను పిలవగలిగే ధాన్యం ఉన్నప్పుడు చేస్తారు. అది నెలల తర్వాతైనా కావచ్చు. వంశగాథలు పాడే పర్ధాన్ తన కిక్రి వాద్యం పట్టుకుని వచ్చి, పోయినవాడిని వంశపు పెద్దల్లో కలుపుతాడు. బట్టలు, పాత్రలు ఆ పర్ధాన్‌కు పోతాయి. మా జంగానికి తాత చెప్పులు పోయినట్టే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరు తర్వాత నిజాం పంపగా ఈ అడవుల్లోకి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఇదంతా రాశాడు, 1948లో అచ్చయిన పుస్తకంలో. రాయడమే కాదు, చివరికి అందులోనే కలిశాడు. ఆయన భార్య ఎలిజబెత్ 1987 జనవరిలో హైదరాబాద్‌లో పోతే, ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన లండన్‌లో 1995లో పోయాడు. అస్థికలు 2012లో తెచ్చి ఆమె పక్కన పెట్టారు. అంత దూరంలో ఉన్న కుటుంబం కూడా పదిహేడేళ్లకైనా మార్లవాయి రాక తప్పలేదు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరతారు. పర్ధాన్ల కిక్రి మాత్రం పలచబడింది. పట్టుకునే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోండుల దండారీ పండుగలో ఆడే గుస్సాడీ ఆటను పద్మశ్రీ దాకా తీసుకుపోయిన మార్లవాయి కనకరాజు కూడా 2024 అక్టోబరులో పోయాడు.

సినిమా మాటకు వస్తే, మా చిన్నతనంలో ఉట్నూరుకు సినిమా జీపులో వచ్చేది. సమాచార శాఖ వాళ్లది. సాయంత్రం రెండు వాసాలు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్లు. జనం గుడ్డకు రెండువైపులా కూర్చునేవాళ్లు. అవతలి వైపు కూర్చుంటే ఎన్టీఆర్ ఎడమచేత్తో కత్తి తిప్పేవాడు, అక్షరాలు తిరగబడేవి, చదవడం రానివాళ్లకు తేడా లేదు. ముందు వార్తాచిత్రం, కుటుంబ నియంత్రణ, తర్వాత అసలు సినిమా. రీలు మార్చేటప్పుడు లైటు వేస్తే ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో కనపడేది, దాని మీద కొన్ని సంబంధాలు కుదిరాయి, కొన్ని చెడ్డాయి. వీసీఆర్ వచ్చాక జీపు రావడం తగ్గింది, ఇంట్లోకి టీవీ వచ్చాక ఆగింది.

‘బలగం’ ఆ గుడ్డను మళ్లీ కట్టించింది. 2023 మార్చి ఆఖరున సినిమా ఓటీటీలోకి రాగానే, ఊళ్లలో సర్పంచులు, కులసంఘాలు పంచాయతీ ఆఫీసు ముందు తెర పెట్టి చూపించారు. నిర్మాతల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది, ఫిర్యాదు కూడా పోయింది. వ్యాపారం వాళ్లది, వాళ్లు అనడంలో తప్పు లేదు. ఊళ్లు మాత్రం ఆగలేదు. చాపలు, కుర్చీలు, మంచాలు ఎవరివి వాళ్లు తెచ్చుకున్నారు. నిర్మల్ జిల్లాలో భూమి తగాదాతో ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఈ సినిమా చూసి కలిశారని పేపర్లో వచ్చింది. చాలామంది దాన్ని సినిమా గొప్పదనంగా రాశారు. సగం గొప్పదనం ఆ చాపది. హాల్లో చీకట్లో ఎవరి సీటులో వాళ్లు ఏడిస్తే, లైటు వేసేలోపు కళ్లు తుడుచుకుని బండెక్కొచ్చు. పంచాయతీ ఆఫీసు ముందు ఏడిస్తే పక్కన కూర్చున్నది అన్నో వదినో, పాలోడో. చూస్తారు. మర్నాడు బోరింగు దగ్గర అడుగుతారు.

ఇప్పటి చావులు నాకు బాగానే తెలుసు, వయసు అలాంటిది. ఫ్రీజర్ బాక్సు వస్తుంది, వైకుంఠ రథం వస్తుంది, ఫోటోతో ఫ్లెక్సీ కడతారు. కబురు వాట్సాప్‌లో క్షణంలో పోతుంది. వచ్చినవాళ్లు కారు దిగి, దండ వేసి, కారు ఎక్కుతారు. మూడోనాడే పెద్దకర్మ కానిచ్చేవాళ్లు ఉన్నారు. వంట కేటరింగ్‌ది, విస్తరాకు ప్లాస్టిక్‌ది. దీపం ఉంటుంది, కాపలా ఉండదు. గాలి తగలకుండా గాజు చిమ్నీ దొరుకుతోంది కదా.

దీన్ని తప్పుపట్టలేను. జగిత్యాల, నిర్మల్ వైపు ప్రతి వాడలో ఒకరిద్దరు గల్ఫ్‌లో ఉంటారు. తండ్రి పోతే దుబాయ్‌లో ఉన్న కొడుకు రాలేడు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటుంది. వీడియో కాల్లో తలకొరివి చూస్తాడు, ఫోను పట్టుకున్నవాడి చెయ్యి నొప్పి పుట్టేదాకా. ఇంకోసారి పోయేది కొడుకే అవుతుంది. అక్కడ కాగితాలు తేలి పెట్టె శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరేసరికి వారాలు, నెలలు. అంతకాలం ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాలా వద్దా అని ముసలివాళ్లు అడుగుతారు. మా దగ్గర దీనికి జవాబు లేదు.

మా బాపు కిందటేడు పోయాడు. ఉట్నూరులోనే, అదే వాకిట్లో. మామ అప్పటికి లేడు, మేనత్త వచ్చింది. వీల్‌చైర్లో, శోకం పెట్టబోతే దగ్గు వచ్చి ఆగిపోయింది. పిట్ట మొదటి రోజే ముట్టింది. మా వంశంలో కాకులకు ఆకలెక్కువ. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడికి ఐదు రోజులే సెలవు దొరికింది. అందులో రెండు ప్రయాణానికి పోయాయి. కర్మ ఐదో రోజుకే ముగించాం. జగిత్యాల వైపు ఊళ్లో మిగిలిన భూమి సంగతి మా ఇద్దరి మధ్య ఉంది. ఇరుసు కన్నా పెద్దదే, కానీ పంచాయతీ పెట్టేంత పెద్దది కాదు. దాని గురించి మాట్లాడటానికి రాత్రి కావాలి. రాత్రి అతను బావమరిది ఇంట్లో పడుకున్నాడు, మా బాత్రూంలో గీజర్ లేదని.

సంవత్సరీకం వచ్చే నెల. నిన్న ఫోన్ చేసి, రెండు రోజులు సెలవు అడిగానన్నాడు. నాలుగు అడుగు, గీజర్ నేను పెట్టిస్తానన్నాను. మూడంటున్నాడు. బేరం నడుస్తోంది.